నలభై మూడో ఫోటో

“గదుమ జర పైకెత్తుండ్రి సార్,” అంది ప్రత్యూష మాస్కు వెనకనుంచి.

రిటైర్మెంట్ ఫ్లెక్సీలో వేయించుకోవడానికి ఫోటో కోసం జనగామలోని ఆమె స్టూడియోకొచ్చిన విశ్వనాథం సారు అరగంటగా బిగుసుకుని కూర్చున్నాడు. లైట్ల వేడికి కాలరు తడిసిపోయింది.

“ఒక్క ఫోటోకు గింత పరేషానా? ఇంకెన్ని తీస్తవు బిడ్డా?”

“మొత్తం నలభై మూడు సార్. నలభై అయినయి.”

ఇంకో రెండు తీసి ఆమె కెమెరా దించేసింది.

“ఇంకోటుండాలె గదా?” లెక్కల సారు లెక్క తప్పితే ఊరుకుంటాడా?

“గా ఒక్కటి తియ్యను సార్. తీస్తే ఖరాబైతది.”

“ఎందుకైతది?”

“ఏడో తరగతి గ్రూప్ ఫోటో యాదికున్నదా సార్? మా క్లాసుల నలభై మూడు మందిమి. ఫోటోల నలభై రెండు మందే ఉన్నరు. ‘నీ మొకంతోని ఫోటో ఖరాబైతది’ అని మీరు ఒక పిల్లను బయటికి గుంజిన్రు. అందరి బ్యాగులకు కావలి కూసోబెట్టిన్రు.”

ప్రత్యూష మాస్కు తీసింది. ఎడమ చెంప నిండా తెల్లని బొల్లి మచ్చ.

సారు ఆ చెంపను చూడలేక, తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, రెండు చేతులతో కప్పుకున్నాడు.

ప్రత్యూష కెమెరా ఎత్తింది. ఈసారి గదుమ ఎత్తమనలేదు.

క్లిక్.

“నలభై మూడు,” అంది.