ఏడో మలుపు

"టూ వీల్ డ్రైవే కావాలి అక్కా! వెనక చక్రాలు జారుతుంటే ఉండే మజాయే వేరు."

"మజా నీది, ప్రాణం నాది. వానలో రోజూ ఆ కొండ రోడ్డు దిగి డ్యూటీకి వెళ్ళేది నేనురా! నాలుగు చక్రాలూ లాగితేనే కొంటా."

షెడ్డులో ఎర్ర స్పోర్ట్స్ కారు నాలుగు స్టాండ్ల మీద గాల్లో నిలబడి ఉంది. వాళ్ళు వెంటబెట్టుకొచ్చిన మెకానిక్ దాని కిందనుంచి తల బయట పెట్టాడు.

"ఎందుకమ్మా కొట్టుకుంటారు? ఇందులో రెండూ ఉన్నాయి. గేరు పక్కన మీట చూడండి. ఇప్పుడు టూలో ఉంది. ఫోర్‌లోకి తోస్తే ముందు చక్రాలూ లాగుతాయి. తోసి చూద్దామా?"

"వద్దు!" కారు అమ్ముతున్న ఆవిడ అడ్డొచ్చింది. "మా ఆయన పెట్టినట్టే ఉండనివ్వండి. రిపేరు చేసినవాళ్ళని కూడా దాన్ని ముట్టుకోనివ్వలేదు."

"ఫోర్ పాడైపోయుంటుంది. అందుకే ఈ నాటకం," తమ్ముడు గొణిగాడు.

సంగతేంటో తేల్చేద్దామని అక్క తలుపు తీసి, లోపలికి వంగి మీట మీద చెయ్యి వేసింది. ఇంకా కదపనేలేదు.

ముందు చక్రాలు వాటంతటవే ఎడమకి తిరిగాయి. తర్వాత మెల్లగా కుడికి.

మెకానిక్ ఒక్క ఉదుటున బయటికి దొర్లాడు. "ఇంజను ఆపేసుంది! తాళం నా జేబులో ఉంది!"

"నాలుగున్నర అయినట్టుంది," అంది ఆవిడ, చక్రాల మీంచి చూపు తిప్పకుండా. "రోజూ ఇంతే. మా ఆయన కొండ దిగి ఇంటికొస్తుంటాడు. ఇది మూడో మలుపు... ఆ రోజు కూడా వానే. ఫోర్‌లో పెట్టుకుని రమ్మని ఫోన్లో నెత్తీ నోరూ కొట్టుకున్నాను. టూలోనే మజా అన్నాడు. ఏడో మలుపులో జారింది. లోయలో కారు దొరికింది, ఆయన దొరకలేదు."

తమ్ముడు కారు దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఐదో మలుపు. ఆరోది.

"ఇప్పుడు ఎడమకి తిప్పుతాడు. తిరగదు. ఇక్కడే ఆగిపోతుంది." ఆవిడ కళ్ళు మూసుకుంది.

వెనక చక్రాలు పట్టు తప్పినట్టు గాల్లో గిర్రున తిరిగాయి. ఆ మలుపు అక్కకి తెలుసు. రోజూ ఊపిరి బిగబట్టి దాటే మలుపే! ఇంక ఆలోచించలేదు. మీటని ఒక్క తోపు తోసింది.

టక్.

గిర్రుమంటున్న చక్రాలు నెమ్మదించాయి. ముందు చక్రాలు ఎడమకి తిరిగాయి. తిన్నగా అయ్యాయి. కుడికి ఇంకొక్కసారి తిరిగి, నాలుగూ బుద్ధిగా ఆగిపోయాయి.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఇంత దూరం ఎప్పుడూ రాలేదు..."

"ఏడు దాటితే... ఇంకేముంది ఆంటీ?" అక్క మీట వదలకుండానే అడిగింది.

"ఎనిమిదోది. అది మా వీధి మలుపే." ఆవిడ చెదిరిన జుట్టు సర్దుకుంది.

వీధి తలుపు దగ్గర బెల్ మోగింది.