ఒక మనిషి ఎక్కువ

“మొన్న ఇద్దరని రాయించారు. ఈలోగా మార్పులేమీ లేవుగా మాస్టారూ?” అని అడిగాడు మల్లేశ్వరరావు, వరండాలో కుర్చీ లాక్కుంటూ.

అది డెబ్భై ఒకటో సంవత్సరం, ఏప్రిల్ ఒకటో తారీకు. మార్చిలో బెజవాడంతా ఇల్లిల్లూ తిరిగి మనిషికో చీటీ చొప్పున జనాభా లెక్కలు రాసిన బడిపంతుళ్లు, ఈ మూడు రోజులూ మళ్లీ అవే గుమ్మాలెక్కి, ఎవరైనా పుట్టారా, ఎవరైనా పోయారా అని సరిచూసుకుంటున్నారు. లేవు అనేస్తే మల్లేశ్వరరావు పక్కింటికి పోయేవాడు. ఆ ఒక్క ముక్కా సొలొమోను గారి నోటివెంట రాలేదు.

ఎదురుచూస్తున్న మల్లేశ్వరరావుకి గదిలో గోడ మీద గళ్ల కాగితం కనిపించింది. దాని మీద ఇండియా, సిలోను, ఈజిప్టు, ఇండోనేషియా, బ్రెజిలు. ఎర్ర సిరా గీత జనాభా, నీలం గీత ఆదాయం. ఇరవయ్యేళ్లలో ఎక్కడ ఏది ఎంత పెరిగిందో పోలుస్తూ, కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే సొలొమోను గారు పన్నెండేళ్లుగా ఒక పుస్తకం రాస్తున్నారు. అదెప్పటికి పూర్తవుతుందని అడిగే ధైర్యం కాలేజీలో ఎవరికీ లేదు.

మల్లేశ్వరరావు మర్యాదకి, అదేమిటండీ అన్నాడు. అంతే చాలు ఆయనకి. సిలోనులో మలేరియా తగ్గాక చావులు ఎలా తగ్గాయో, బ్రెజిల్లో పంట, పరిశ్రమ ఎంత పెరిగినా తలా ఇంతని పంచేసరికి ఎలా చిక్కిపోతుందో, ఈజిప్టు వాళ్లు కూడా మన డెల్టా వాళ్లలాగే ఒక్క నదినే నమ్ముకుని ఎంత కిక్కిరిసి బతుకుతున్నారో చెప్పుకుపోయారు. పాపం, ఇంట్లో ఒకరితో అంతసేపు మాట్లాడి ఆయనకి చాలా కాలమైంది.

“వీటన్నిటికీ ఆధారం మీ చేతిలో ఉన్న ఆ చీటీలేనండీ,” అన్నారు చివరికి. “గుమ్మం దగ్గర ఒక మనిషిని ఎక్కువ రాస్తే, ఆ పైన ఎంత మేధావి లెక్క కట్టినా అది తప్పే.”

క్లాసులో వందసార్లు చెప్పిన మాటే. ఈసారి తనకే తగిలింది. “ఒక చీటీ కొట్టెయ్యండి. మా ఆవిడ అమలమ్మ ఇక్కడ ఉండదు,” అన్నారు.

మొన్న మొదటిసారి వచ్చినప్పుడు, ఇంట్లో ఎంతమంది అని మల్లేశ్వరరావు అడగ్గానే ఇద్దరమని నోరు జారింది. ఆవిడేరీ అంటే, ఊరెళ్లిందన్నారు. అందులో పూర్తి అబద్ధమేమీ లేదు. వెళ్లి ఆరేళ్లయిందని మాత్రం చెప్పలేదు. ఒకనాడు భోజనాల దగ్గర ఆమె ఏదో కష్టం చెప్పుకుంటుంటే, ఈయన తలెత్తకుండా ఇండోనేషియా జననాల రేటు చదివి వినిపించారు. మరుసటి నెలే ఆమె కంకిపాడు హైస్కూలుకి బదిలీ చేయించుకుంది. రావాలనిపిస్తే రండి అని చెప్పే వెళ్లింది. ఆమే వస్తుందని ఈయన కూర్చున్నారు. మధ్యలో పది మైళ్ల దారి, గంటకో బస్సు. పిల్లలు లేరు, పలకరించేవాళ్లు లేరు. ఇద్దరమని రాయించాక ఈ రెండు వారాలూ ఆయనకి ఇల్లు కాస్త ఇల్లులా అనిపించింది. అందుకే నిజం చెప్పడం అంత కష్టమైంది.

మల్లేశ్వరరావు నవ్వలేదు. పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు.

“ఊరికే కొట్టెయ్యకూడదండీ. ఆవిడ ఉన్నచోట రాశారని తెలియాలి. అక్కడా లేక, ఇక్కడా లేకపోతే ఆవిడ దేశంలోనే లేనట్టు. ఎల్లుండి సాయంత్రానికల్లా కాగితాలు అప్పజెప్పాలి.”

మర్నాడు ఉదయం సొలొమోను గారు కంకిపాడులో బస్సు దిగారు. అమలమ్మ ఇల్లు రెండు సందుల అవతలే. తిన్నగా వెళ్లి ఆమెనే అడగొచ్చు. కాళ్లు కదిలితేగా. ఆ వీధుల లెక్క రాసిన తిరుపతిరావు అనే పంతులి ఇల్లు వాకబు చేసుకుని అటు నడిచారు. చీటీలో పెళ్లి సంగతి రాసే గడి ఒకటుంటుందని ఆయనకి తెలుసు. పెళ్లయిందని రాయిస్తారు, భర్త పోయాడని రాయిస్తారు, విడిపోయామనీ రాయిస్తారు. అమలమ్మ ఏం రాయించిందో తెలుసుకోవాలనీ ఉంది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది.

తిరుపతిరావు అరుగు మీద కాగితాలు కట్టలు కడుతున్నాడు. బెజవాడ కాలేజీలో లెక్చరర్నని మాత్రం చెప్పి, హైస్కూల్లో పనిచేసే అమలమ్మ గారి పేరు ఇక్కడ రాశారా అని అడిగారు సొలొమోను గారు. రాశానన్నాడు తిరుపతిరావు. ఇక మల్లేశ్వరరావు నిశ్చింతగా కొట్టెయ్యొచ్చు. వచ్చిన పని అయిపోయింది. అయినా ఆయన అరుగు దిగలేదు.

“పెళ్లి సంగతి దగ్గర ఏమని రాయించింది?”

“అది చెప్పకూడదండీ. ఆ ఇంటివాళ్లకి తప్ప బయటివాళ్లకి నోరు విప్పొద్దని మాకు ఆర్డరు.”

సబబే. ఆయన బయటివారే. ఆరేళ్లుగా తెలిసిన సంగతే, ఇప్పుడు ఒక పరాయి మనిషి నోట విన్నారు. బెజవాడలో ఇక ఒక్కరే అని రాయించాలి, నిజమూ అదే అనుకుంటూ, వస్తానని కదిలారు.

“ఎవరొచ్చి అడిగారో రాసుకోవాలండీ. తమరి పేరు?”

“సొలొమోను.”

తిరుపతిరావు ఆయన ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూశాడు. కూర్చోమని చాప జరిపాడు.

“మీ చీటీ కూడా ఆవిడ తన ఇంట్లోనే రాయించారండీ.”