జీతం లేని మేష్టారు

ల్యాబులో అస్థిపంజరం చేతికి ఝాల్‌ముడీ, అదే కారం మరమరాల పొట్లం తగిలించింది దుర్గాంబ.

"తినండి దాదా, మరీ చిక్కిపోయారు," అంది.

బయాలజీ పిల్లలంతా పగలబడి నవ్వారు. దాదా తలకి మంకీ టోపీ అప్పటికే ఎక్కింది. కలకత్తాలో చలి మొదలయ్యాక ఆ టోపీ ఎవరికీ తప్పదు మరి.

సరిగ్గా అప్పుడే శ్యామసుందర్ సార్ లోపలికొచ్చారు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఆ ముడీ ఎవరిది?"

"నాదే సార్," అంది దుర్గాంబ.

"ఇందాక ఏం పట్టుకున్నావు?"

"కప్పని సార్. ఫార్మలిన్‌లోంచి తీసి..."

"ఆ చేత్తోనే ముడీ తింటావా?"

దుర్గాంబ చేతులు వెనక్కి దాచుకుంది.

"ల్యాబులో తినకూడదని గోడమీద రాయించింది గోడ అందం కోసం కాదు. వెళ్లి సబ్బుతో కడుక్కో," అంటూ సార్ టోపీ తీసేశారు. "నిరుటిదాకా ఇక్కడి పిల్లలు ఎముకల్ని బొమ్మల్లో చూసి బట్టీపట్టేవారు. ప్రాక్టికల్స్‌లో బొక్కబోర్లా పడేవారు. ఎవరి పుణ్యమో గానీ ఇది వచ్చింది. ఇంకోసారి దీంతో ఆటలాడావంటే నిన్ను ల్యాబులోకి రానివ్వను."

సార్ అటు వెళ్లగానే దుర్గాంబ మూతి విరిచింది. ఎముకల గూటికి ఇంత మర్యాదా అనుకుంది.

చేతులు కడుక్కుంటుంటే దర్వాను వచ్చాడు.

"దీదీ, గేటు దగ్గర ఒక బుడీమా. ఏం మాట్లాడుతోందో ముక్క అర్థం కావడంలేదు. మీ భాషేమో చూడండి."

గేటు దగ్గర ముతక చీర కట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. పేరు అప్పాయమ్మ అని చెప్పింది.

"తెలుగు పాపవేనా? బతికించేవు తల్లీ! మా తమ్ముడు సూరన్న ఈడే ఉన్నాడంట. ఒక్కపాలి సూసి పోతాను. రేపు రైలెక్కి సీపురుపల్లి ఎల్లిపోతన్నాను. మరి ఈ ఊరు రాను."

"ఇక్కడేం చేస్తారు మామ్మా ఆయన?"

"పిల్లలకి సదువు సెప్తాడు."

ఆ పేరుతో మేష్టారెవరూ లేరే!

"ఎప్పుడు చేరారు?"

"నిరుడే. పెద్దాసుపత్రోళ్లు పంపేరు. జీతం గీతం ఏటీ నేదు."

"అయితే డాక్టరుగారా?"

"డాకటరేటి తల్లీ! షాలిమార్ రైలు యార్డులో మూటలు మోసీవోడు."

దుర్గాంబకి నవ్వాగలేదు. మూటలు మోసే ఆయన కాలేజీలో పాఠాలు చెప్పడమా! తమ్ముడుగారు అక్క చెవిలో బాగానే పువ్వు పెట్టాడనుకుంది.

అయినా పెద్దావిడ మాట కొట్టెయ్యలేక కాలేజీ అంతా తిప్పింది. ఆఫీసు గుమాస్తా పేపర్లోంచి తలెత్తకుండానే లేడన్నాడు. క్యాంటీన్‌లో అడిగితే, సూరన్న అంటే ఏం ఫలహారం అని ఎదురడిగారు. లైబ్రరీలో లోడ్‌షెడ్డింగ్. ఆ చీకట్లో ఎవరో గురకపెడుతుంటే లేపి చూశారు. ఆయనా సూరన్న కాదు.

అప్పాయమ్మ మొహం వాడిపోయింది.

"ఏదో మిఛిలంట, ఊరేగింపని బస్సులాపీసినా నడిసొచ్చీసేను. ఆణ్ణి సూడకుండా ఎలా ఎల్లిపోతాను తల్లీ?"

ఈసారి దుర్గాంబకి నవ్వు రాలేదు. జాలేసింది. ల్యాబు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్లకోసం వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

అప్పాయమ్మ ల్యాబులో, అస్థిపంజరం ముందు నిలబడి ఉంది.

"అయ్యో మామ్మా, అది చూసి భయపడకండి!" అని పరిగెత్తింది దుర్గాంబ.

"బయమేటి?" అంది అప్పాయమ్మ వెనక్కి తిరక్కుండానే.

ఆమె వంగి ఎడమకాలి ఎముకని నిమురుతోంది. మోకాలి కింద ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న చోట ఆమె చెయ్యి ఆగింది.

"బస్తా మీద పడి ఇరిగిందమ్మా. నేనే పసుపేసి కట్టు కట్టేను. నా కట్టు ఇలాగే వొంకరగా ఏడిసింది," అని నవ్వింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నవ్వు మాత్రం పోలేదు. "బతికున్నన్నాళ్లూ బడి మొకం సూణ్ణేదు ఎదవ. 'సచ్చేకయినా కాలేజీకి ఎల్తానప్పా' అని నాతో సెప్పి పెద్దాసుపత్రికి ఒళ్లు రాసిచ్చీసేడు."

దుర్గాంబకి తలెత్తాలంటే సిగ్గేసింది.

"మామ్మా, నేను... ఆయన్ని ఆటపట్టించాను. అందరం నవ్వాం."

"నవ్వితే నవ్వేరు. పిల్లలు నవ్వుతుంటే ఆడికి కడుపు నిండిపోద్ది."

చీర కొంగుతో ఆ భుజం మీది దుమ్ము తుడిచి, తప్పిపోయిన పిల్లాడు దొరికినంత సంబరంగా అప్పాయమ్మ అడిగింది:

"ఏరా సూరన్నా, నీ పిల్లలకి సదువబ్బతందేటి?"