ఎర్ర ట్యాగు

"ఆ గాలి ఆపీరా నాయినా. నానింక పడనేను," అని ఊపిరితిత్తులు పాడైన అసిరమ్మ మూడు నెలలుగా కొడుకును బతిమాలుతోంది. ఆ రాత్రి సన్యాసిరావు కాదనలేకపోయాడు. ఉక్కునగరం క్వార్టర్‌లో వాళ్లిద్దరే ఉన్నారు.

ఆక్సిజన్ సిలిండర్ వాల్వు బిగించాడు. స్టీల్ ప్లాంటులో పనిచేసే అలవాటు కొద్దీ తన పేరు రాసిన ఎర్ర ట్యాగు దానికి కట్టాడు. వాల్వు మూసినవాడే ట్యాగు కట్టాలి, కట్టినవాడే విప్పాలి. ఆ రూలు అమ్మకు ఎన్నోసార్లు చెప్పాడు.

ఆక్సిజన్ గొట్టానికి తగిలించిన నీళ్ల సీసాలో బుడగలు ఆగాయి. కాసేపటికి అమ్మ ఊపిరీ ఆగింది. అతను వరండాలోకి వచ్చి కూలబడ్డాడు. ఇల్లంతా నిశ్శబ్దం.

అంతలో లోపల బుడబుడమని చప్పుడైంది.

పరుగున వెళ్లి చూశాడు. వాల్వు బిగించే ఉంది. సీసాలో నీళ్లు మాత్రం మరిగినట్టు పొంగుతున్నాయి. ట్యాగు సిలిండర్‌కు లేదు. అమ్మ మణికట్టుకు ఉంది. అది తను వేసే ముడే.

ముడి మీద వేళ్లు వేసి విప్పబోయాడు. చల్లటి చెయ్యి ఆ వేళ్లను పట్టుకుంది. అమ్మ పెదాలు కదల్లేదు, గొంతు మాత్రం వినిపించింది.

"కట్టినోడివి నువ్వే కదరా. ఇప్పగలవేటి?"