కుడివైపు బటన్

మరమగ్గాల పేట నార్పోలిలో పాత సామాన్ల గోదాముకు నర్సింగ్ రాత్రి కాపలా. అక్కడికొచ్చిన పిన్‌బాల్ ఆట మిషన్ నమూనాకని చేసిన ఒకే ఒక్కటి. "గిది ఎవడు కొంటడు? నువ్వే ఆడుకో," అన్నాడు సేటు.

గుండు జారిపోకుండా కొట్టడానికి రెండు రెక్కలు, రెండు పక్కలా రెండు బటన్లు. నర్సింగ్ ఆడుతుండగా కరెంటు పోయింది. చుట్టూ మగ్గాలన్నీ ఆగాయి. మిషన్ ఆగలేదు. అతని గుండు పడిపోగానే రెండో ఆటగాడి దీపం వెలిగి, మరో గుండు దానంతటదే లేచింది. ఎడమ రెక్క ఒక్కటే టకటకా కొడుతోంది.

మొన్న పోయిన అన్న కనుకయ్యకు ఎడమచెయ్యి ఒక్కటే ఉండేది. కుడిచెయ్యి ఎప్పుడో మగ్గం బెల్టులో పోయింది.

నర్సింగ్‌కు భయం వేయలేదు, ఏడుపూ రాలేదు.

"కుడి దిక్కు నేను కొడ్త అన్నా," అని చెయ్యి చాపాడు.

ఆ బటన్ మీద అప్పటికే చల్లటి కుడిచేతి వేళ్ళున్నాయి. నర్సింగ్ తన చెయ్యి తీయలేదు.