మూడో పిలుపు

"దొరికితే మెడ పట్టి గుంజుకపోత!" అన్నాడు పోశన్న, గుట్ట ఎక్కుతూ రొప్పుతూ.

ముందు నడుస్తున్న మనిషి వెనక్కి తిరగలేదు. నల్ల గొంగడి నెత్తి మీదుగా కప్పుకున్నాడు. మొహమంతా గడ్డమే.

"ఎవలను?" అన్నాడు.

"మా అన్న ముత్తన్నను. ఇల్లిడిసి పన్నెండేండ్లాయె. బాపు మీద చెయ్యెత్తి పారిపోయిండు. గా బెంగతోనే బాపు మంచం పట్టి పోయిండు."

పుష్యమాసం మంచు. నాలుగడుగుల అవతల ఏముందో దేవుడికే తెలియాలి. పోశన్న కోటగిరి నుంచి తెల్లవారకముందే బయలుదేరాడు. అవ్వ హన్మవ్వ ఇవాళో రేపో అన్నట్టుంది. పెద్దకొడుకును ఒక్కసారి చూసి కళ్లు మూస్తానంటుంది. వాడు ఈ గుట్ట మీద రాళ్లు కొట్టేవాళ్లతో ఉన్నాడని ఎవరో అంటే, పాపం, పరుగెత్తుకొచ్చాడు. అన్న పోయినప్పుడు తనకు ఎనిమిదేళ్లు. మొహం కూడా సరిగ్గా గుర్తులేదు.

"మంచుల తొవ్వ తప్పుతవు తమ్మీ, నేనొస్త పా" అని ఈ మనిషే దారిలో కలిశాడు.

గుడిసెలన్నీ తిరిగారు. ప్రతి గుడిసెకూ ఆ మనిషే ముందుగా వెళ్లి అడిగి, తల అడ్డంగా ఊపుతూ వచ్చేవాడు.

పొద్దు నెత్తి మీదికొచ్చినా మంచు వీడలేదు. గుట్ట కొసన కూర్చుని ఆ మనిషి జొన్నరొట్టె తుంచి, పెద్దముక్క పోశన్న చేతిలో పెట్టాడు.

"మంచు లేకుంటే బోధన్ చక్కర కార్ఖానా పొగగొట్టం కండ్లబడ్తుండె. గీ దిక్కు కోటగిరి" అని తెల్లటి మంచులోకి వేలు చూపించాడు. "దినాం సూస్త."

తన ముక్క తుంచుకుంటూ అడిగాడు.

"మీ అవ్వకు గూడ వాని మీద కోపమేనా?"

"అవ్వకు కోపమెక్కడిది? ఇయ్యాల్టికీ వాని కంచం కడిగి పెడ్తది. అవ్వ కోసం గుంజుకపోత గని, నేనైతే వాని మొకం సూడ."

ఆ మనిషి చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

దిగేటప్పుడు దారి చీలేచోట గొంగడి తీసి పోశన్న భుజాన కప్పాడు.

"పో తమ్మీ. అవ్వ పైలం."

పోశన్న పదడుగులు వేశాడో లేదో, మంచులోంచి పిలుపు.

"పోశిగా!"

మంచులో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకొద్దు. దయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిస్తేనే మనిషి. అవ్వ ఉగ్గుపాలతో నేర్పిన మాట అది.

"పోశిగా!"

పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. మూడోసారి పిలవలేదు. ఇక చూడు, ఒకటే పరుగు!

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు.

"దొరకలే అవ్వా. పైంగ దయ్యం పిలిచింది, 'పోశిగా' అని. రెండుసార్లు. నేను పలుకలే."

గొంగడిని తడుముతున్న హన్మవ్వ చెయ్యి ఆగింది.

"గుట్ట మీద నీ పేరు ఎవలకన్న చెప్పినవా బిడ్డా?"

పోశన్న భుజాన ఉన్న గొంగడి వంక చూసుకున్నాడు. పొద్దంతా వెంట నడిచిన మనిషికి తన పేరు చెప్పనేలేదు. చిన్నప్పుడు 'పోశిగా' అంటూ తనను ఎత్తుకు తిరిగినవాడు ఒక్కడే.

"అవ్వా... రొట్టె పెట్టిండవ్వా" అని బావురుమన్నాడు.

హన్మవ్వ తలుపు దిక్కు తిరిగి, "ముత్తన్నా" అని రెండుసార్లు పెద్దకొడుకును పిలిచింది. మూడోసారికి ఊపిరి చాలలేదు.