జేబులో కళ్ళజోడు

“ఆ పాత డాక్టరుకి కళ్ళు నెత్తికెక్కాయండీ! మా ఆవిడ ఆర్నెల్లుగా గుండెల్లో నొప్పి అని మొత్తుకుంటుంటే, గ్యాసని కొట్టిపారేశాడు,” అన్నాను, కొత్త గుండె డాక్టరమ్మతో.

ఆమె పాత ఫైలు తిరగేస్తూ మొదటి కాగితం దగ్గర ఆగి, పైకి చదివారు.

“‘నొప్పి అప్పుడప్పుడూ వస్తుంది. చిన్నదానికీ హడావుడి చేసే మనిషి. గ్యాసే అయ్యుంటుంది.’ ఇది నమ్మి పరీక్షలు చేయించకపోవడం ఆయన తప్పే. కానీ ఈ ఫారం నింపిందెవరు?”



“నేనేనండీ. ఆ రోజు డ్యూటీకి టైమైపోతోందని...”

మా ఆవిడ నా వైపు తిరగనైనా లేదు.

“పాపం, ఇన్నాళ్ళూ ఆ డాక్టరొక్కణ్ణే తిట్టుకున్నాను,” అంది నెమ్మదిగా.

డాక్టరమ్మ కొత్త ఫారం బల్లమీద పెట్టారు. అలవాటుకొద్దీ నా చెయ్యి ముందుకెళ్ళింది. అంతలోనే మా ఆవిడ ఆ కాగితం తనవైపు లాక్కుంది.

“నా కళ్ళజోడు ఇవ్వండి.”

ఎక్కడైనా పారేసుకుంటుందని దాన్ని నా జేబులోనే పెట్టుకుంటాను. తీసి ఇచ్చాను.

ఆ రోజు కూడా అడిగింది. “నీకెందుకు, నేను రాస్తాలే,” అన్నాను.